బావికి కట్టిన బిళ్ళ

ఇందులో ఒక్క మాట అబద్ధమున్నా నా నోట్లో మిగిలిన మూడు పళ్ళూ ఇప్పుడే ఊడి ఒళ్ళో పడాలి. ఉన్నవే మూడు, సకినాలు వాటితోనే నమలాలి. కాబట్టి ఊరికే పెట్టుకున్న ఒట్టు కాదు. నిమ్మళంగా కూర్చుని విను.

కోడేరు దాటి రెండు మైళ్ళు పోతే గుట్ట వారకు యాదమ్మ చేను. మూడెకరాలు, పక్కనే ఇల్లు. ఆ చేన్లో మట్టి కంటే రాళ్ళు ఎక్కువ, రాళ్ళ కంటే యాదమ్మ మాటలు ఎక్కువ. పొద్దున లేస్తే ఆమె ముందు మొహం కడగదు, పొయ్యి అంటించదు. దిండు కింది నుంచి రిమోటు తీసి నాలుగు మీటలూ వరుసగా నొక్కుతుంది. అవన్నీ పలికితేనే ఆమెకు తెల్లవారినట్టు.

ఆ రిమోటు అల్లుడు జగదీశ్ ఇచ్చింది. అతనికి కొత్తకోటలో సెల్‌ఫోన్ల దుకాణం. రిమోటుతో పాటు రూపాయి కంటే కాస్త పెద్దవి నాలుగు బిళ్ళలు వచ్చాయి. పట్నంలో వాటిని కుక్కల మెడకో, బండి తాళాలకో కట్టుకుంటారట. పోయిందాన్ని వెతుక్కుంటూ మీట నొక్కితే రిమోటు కూస్తుంది. బిళ్ళ దూరంగా ఉంటే కీ... కీ... అని ఆయాసపడుతూ, దగ్గరైన కొద్దీ కీకీకీకీ అని పూనకం వచ్చినట్టు. నాలుగైదు వందల అడుగులు దాటినా, మధ్యలో గుట్ట అడ్డమొచ్చినా నోరు మూసుకుంటుంది.

పచ్చ చుక్క అంటించిన మీట మేకకు. నీలం చుక్క తాళం చెవులకు. పసుపు చుక్క మొగుడు మల్లేశ్ కుడికాలి చెప్పుకు, ఎందుకంటే మల్లేశ్ ఎవరింటికి పోయినా చెప్పులు అక్కడే విడిచి వట్టికాళ్ళతో వచ్చే మనిషి. ఎర్ర చుక్క బావికి.

బావులు తిరుగుతాయన్నది ఎవరికీ కొత్త కాదు. యాదమ్మ బావి మాత్రం కాస్త ఎక్కువ తిరుగుతుంది. రాతి మెట్ల బావి, పాతాళం అంత లోతు, లోపలి గోడల్లో నాలుగు వందల పావురాలు. పోయిన ఎండాకాలం అది పక్కనున్న రామన్న చేన్లోకి పోయి కూర్చుంది. రామన్న ఆ నీళ్ళతో వంకాయ నారు పోసుకొని, "నా చేన్ల ఉన్నది నాదే" అని అడ్డం తిరిగాడు. తొమ్మిది ఊళ్ళ పెద్దమనుషులు కూర్చుంటే గాని బావి ఇంటికి రాలేదు. అప్పుడే జగదీశ్ వచ్చి గిరక కట్టెకు తీగతో బిళ్ళ బిగించాడు.

అది మాఘమాసం. వేరుశనగ ఊడలు దిగి, కాయల్లో గింజ పట్టే వేళ. బుధవారం పొద్దున మేక పలికింది. తాళం చెవులు పలికాయి. చెప్పు కూడా పలికింది, రిమోటు రామన్న ఇంటి వైపు తిప్పితే. ఎర్ర మీట నొక్కితే ఏమీ లేదు.

"ఏందే, ఎన్నిసార్లు నొక్కుతవు?" అన్నాడు మల్లేశ్ దుప్పట్లోంచి.

"బాయి పలుకుతలేదయ్యా."

"సెల్లు అయిపోయిందేమో."

ఇద్దరూ చేనికి ఉరికారు. బావి ఉన్న చోట ఆవు పడుకుని లేచిపోయినట్టు గుండ్రంగా, చదునుగా ఒక మచ్చ. మోటరు, పైపులు పక్కకు ఒరిగి పడి ఉన్నాయి. నాలుగు వందల పావురాలు ఆ వట్టి నేల మీద నిలబడి, ఇంటికి తాళం వేసి ఉంటే గడపలో నిలబడ్డ చుట్టాల్లా దిక్కులు చూస్తున్నాయి. రామన్న చేన్లో లేదు. గుట్ట వెనక లేదు. చెరువు కింద లేదు.

మల్లేశ్ చాలాసేపు వేరుశనగ వైపు చూస్తూ కూర్చున్నాడు. నిన్ననే తడి ఇవ్వాల్సింది. ఇంకో నాలుగు రోజులైతే ఆ ఎండకు కాయ లోపలే చచ్చిపోతుంది.

"కూలోళ్ళను తీసుకొని ఇస్రాయేలు వ్యాను ఆదివారం బెంగుళూరు పోతుందంట," అన్నాడు. "మనిద్దరి పేర్లు చెప్పొస్త."

పదకొండేళ్ళు యాదమ్మ పరాయి ఊళ్ళలో ఇటుకలు మోసింది. ఎన్ని మోసిందంటే, ఒకదాని మీద ఒకటి పేరిస్తే పావుగంటలో చంద్రుడి మీదికి ఎక్కి రావచ్చు. కూతురు సౌందర్యను సిమెంటు సంచుల మీద పడుకోబెట్టి పెంచింది. ఎండిపోయిన ఈ బావిలో మళ్ళీ నీళ్ళు పడ్డాయని తెలిసిన రోజున తట్ట అక్కడే బోర్లించి, మళ్ళీ ఇటుకల తట్టతో మెట్లు ఎక్కితే తన పేరు యాదమ్మ కాదని మల్లేశ్ ముందే ఒట్టు పెట్టుకుని వచ్చింది.

"ఆదివారం దాకా ఆగు," అంది. "నేను తెస్త."

"తేకపోతే?"

యాదమ్మ రిమోటు కొంగుకు కట్టుకుంది.

గురువారం పాలబండి అతను తెలకపల్లి దగ్గర ఎవరిదో బావి రోడ్డు వెంట పోతుంటే చూశానన్నాడు. యాదమ్మ మొదటి బస్సు ఎక్కింది. తెలకపల్లిలో దిగి మీట నొక్కగానే రిమోటు కీకీకీకీ అని ఎగిరింది. ఆమెకు ప్రాణం లేచి వచ్చింది. ఇటు తిరిగినా కీకీకీకీ, అటు తిరిగినా కీకీకీకీ. బావి ఇక్కడే ఎక్కడో దాక్కుందని ఊరంతా కదిలింది. గడ్డివాములు విప్పారు. బర్రెలను లేపి కింద చూశారు. ఒకాయన అయితే తన మంచం ఎత్తి, "మా ఇంట్ల లేదక్కా, ఒట్టు" అన్నాడు. పొద్దు గూకే వేళకు ఊళ్ళో విప్పని మూట లేదు, ఎత్తని రాయి లేదు. బావి లేదు.

అరుగు మీద కూర్చున్న ముసలామె ఒకతె ఈ తమాషా అంతా చూసి చూసి, "ఓ పిల్లా, నీ బొడ్లె ఏందే మినుకుమినుకు మంటుంది?" అంది.

యాదమ్మ బొడ్లో చేయి పెట్టింది. తాళం చెవులు. వాటి బిళ్ళ మీద చిన్న దీపం వెలుగుతోంది. రిమోటు తిప్పి చూసుకుంది. ఏడాది ఎండకు ఎర్ర చుక్కా, నీలం చుక్కా రెండూ వెలిసి ఒకే రంగుకు వచ్చాయి. పొద్దుటి నుంచి ఆమె తెలకపల్లి అంతా తిప్పి వెతికింది తన ఇంటి తాళం చెవులను.

ఎవరో ఒకరు కిసుక్కున నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే యాదమ్మ నడిరోడ్డు మీద కూలబడి, నెత్తి కొట్టుకుంటూ, "ఒక దినం పాయె, నా దినం పాయె" అని ఏడ్చింది. ఆ ఏడుపుకు ఆ ఊరి వేపచెట్లు ఆకు రాల్చాయంటారు. ఆకు రాలే కాలమే అనుకో. అయినా రాల్చాయి.

శుక్రవారం వేరుశనగ ఆకులు దండం పెట్టినట్టు ముడుచుకున్నాయి. యాదమ్మ సరైన మీట మీద సున్నం బొట్టు పెట్టుకుని గుట్టల వెంట పడింది. ఎక్కిన ప్రతి గుట్ట మీద నిలబడి నాలుగు దిక్కులకూ నొక్కింది. రిమోటు మూగగానే ఉంది. చెప్పు తెగింది, అరికాలు చీలింది, ఇల్లు చేరేసరికి పొద్దు గూకింది. ఇంట్లో మల్లేశ్ దుప్పట్లు మూట కడుతున్నాడు. మేకను రామన్న ఇంట్లో కట్టేసి వచ్చాడు. రిమోటు మీద పచ్చ మీట నొక్కితే అది కూడా దూరం నుంచి పలికింది, ఆయాసంగా.

అప్పుడు వచ్చింది సుభద్రమ్మ. ఊళ్ళో పసిపిల్లలకు నీళ్ళు పోసే ముసలామె. ఆమె చేతుల మీద కాళ్ళూ చేతులూ సాగిన వాళ్ళు ఇప్పుడు ఈ జిల్లాలో సగం మంది ఉంటారు. బావి సంగతి ఆమె అడగలేదు. గడప మీద కూర్చుని, "మనుమరాలికి బాయి పూజ చేస్తిరా యాదీ? ఇరవై ఒకటి నిండి ఉండాలె గద," అంది.

"మంగళారం నిండింది అవ్వా. కొత్తకోటల్నే చేసిండ్రు."

"కొత్తకోటల బాయి ఏడుంది?"

యాదమ్మ చీలిన అరికాలు చూసుకుంది. మల్లేశ్ మూట కట్టడం ఆపాడు.

"నల్లా కాడ చేసిండ్రు," అంది చివరికి. "అల్లుడు ఫోన్ చేసి, కాన్పైన పిల్లను ఎండల గంత దూరం ఎట్ల తేవాలె అత్తమ్మా అన్నడు. నాకు చేన్ల కలుపు మీద పడి ఉండె. నీళ్ళయితే సరి, నల్లాకే పసుపు పెట్టుమన్న."

ఈ ఇంట్లో ఏ బిడ్డ పుట్టినా ఇరవై ఒకటో నాడు తల్లి బావి అంచు మీది ఒరకు పసుపు కుంకుమ పెట్టి, ఒక చేద నీళ్ళు తోడి, బిడ్డను రెండు చేతులా ఎత్తి నీళ్ళకు మొహం చూపించాలి. ఊరి పిల్లలకు ఉడికించిన శనగ గుడాలు పంచాలి. అప్పుడు ఆ బిడ్డ ఎవరో బావికి తెలుస్తుంది. సౌందర్య పరాయి ఊళ్ళో పుట్టినా, తిరిగి వచ్చిన రోజున ఆ పెద్ద పిల్లను ఇద్దరు మనుషులు ఎత్తి పట్టుకుని మరీ చూపించారు.

"అంటే బాయి అలిగిందా అవ్వా?"

"అలిగితే రామన్న చేన్లకు పోతుండె," అంది సుభద్రమ్మ లేస్తూ. "పిల్లను చూడనీకి పోయింటది. నువ్వు పోకపోతివి. అది పోయింది."

ఆ మాట యాదమ్మకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. నాగర్‌కర్నూలు దవాఖానలో కాన్పయిన కూతురిని పదకొండో రోజునే అల్లుడి వెంట పంపేసింది తనే. కూలీలు దొరకలేదు, కలుపు తీయాలి అంది. అక్కడ కూతురికి అత్త లేదు, ఆడబిడ్డ లేదు. ఫోన్ వస్తే, "మళ్ల చేస్త బిడ్డా, చేన్ల ఉన్న" అని పెట్టేసేది.

శనివారం పొద్దున కొత్తకోటలో బస్సు దిగింది. సున్నం బొట్టు మీట నొక్కింది. కీ...

ఒక్కసారే. మళ్ళీ నొక్కింది. కీ... కీ...

అల్లుడి ఇల్లు పెద్దరోడ్డుకు అవతల. ఆమె అటు నడవబోతే కూత తగ్గింది. వెనక్కి తిరిగితే పెరిగింది. మెకానిక్కుల షెడ్లు, టైర్ల గుట్టలు దాటి దాబా వెనక్కి పోయేసరికి రిమోటు చేతిలో వణికిపోతూ కీకీకీకీ అంటోంది. అక్కడ, వరసగా నిలబెట్టిన రెండు లారీల మధ్య, రోడ్డు అంచున నక్కి కూర్చుని ఉంది బావి. గిరక కట్టె మీద బిళ్ళ మినుకుమంటోంది.

"నీదేనా అమ్మా?" అన్నాడు దాబా ఆయన గ్లాసులు కడుగుతూ. "మొన్నటి సంది రోడ్డు దాటనీకి చూస్తుంది. దానికి దారి ఇచ్చేదెవరు? జర ముందుకు జరిగితే చాలు, హారన్ కొడుతరు. బెదిరి మళ్ల ఎనుకకు వస్తది."

నిమిషానికి వెయ్యి లారీలు పోయే రోడ్డు అది. యాదమ్మ ఒరను పట్టుకుని లోపలికి వంగింది. ఎక్కడో అడుగున చిన్న పళ్ళెమంత నీళ్ళు. దాని మీద ఎవరో పారేసిన ఖాళీ సీసా తేలుతోంది.

"పా, ఇంటికి పోదాం," అంది. బావి కదలలేదు. "చేను ఎండిపోతుంది. రేపు వ్యాను వస్తది. నన్ను మళ్ల తట్ట మోయమంటవా?" కదలలేదు. ఆమె తిట్టింది. బతిమాలింది. కొంగు పరిచి మొక్కింది. రాయి రాయిలాగే ఉంది. చివరికి లేచి, లారీల మధ్య నుంచి ప్రాణం అరచేతిలో పెట్టుకుని రోడ్డు దాటి కూతురి ఇంటికి పోయింది.

సౌందర్య గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. బిడ్డ ఏడ్చి ఏడ్చి, ఏడవడానికి ఓపిక లేక పిల్లికూనలా మూలుగుతోంది. జగదీశ్ సీసా పట్టుకుని దిక్కులేనివాడిలా నిలబడ్డాడు.

"బిడ్డా," అంది యాదమ్మ.

"పాలు పడుతలేవమ్మా," అంది సౌందర్య గోడతోనే. "తొమ్మిది దినాలాయె. ఫోన్ల చెప్పబోతే చేన్ల ఉన్నంటివి."

యాదమ్మకు నోట మాట రాలేదు. నేను పుట్టి బుద్ధెరిగిన కాలంలో ఆమెకు మాట రాకపోవడం అదొక్కసారే. వంగి బిడ్డను ఎత్తుకుంది. రెండో చేత్తో కూతురి చేయి పట్టుకుంది.

"లేవు బిడ్డా. రోడ్డు అవతల బాయి వచ్చి కూసుంది. మూడు దినాల సంది నీ కోసమే చూస్తుంది."

సౌందర్య తల తిప్పింది. "మన బాయేనా?"

"మన బాయే."

జగదీశ్ బిడ్డ ఎర్రగుడ్డ పట్టుకుని రోడ్డు నడుమ నిలబడ్డాడు. అటు జడ్చర్ల దాకా, ఇటు కర్నూలు దాకా లారీలు ఆగిపోయాయి. తల్లీకూతుళ్ళు బిడ్డతో దాటారు. ఒరకు పసుపు పెట్టారు, కుంకుమ పెట్టారు. దాబా ఆయన శనగలు ఉడికించి ఇచ్చాడు. చేద వేస్తే తాడు సగానికే అయిపోయింది. ఇది చూసి లారీ డ్రైవర్లు తమ లోడు కట్టే తాళ్ళు విప్పి ఒకదానికొకటి ముడివేశారు. ఏడు లారీల తాళ్ళు కలిస్తే చేద అడుగు తాకింది. సౌందర్య ఒంట్లో బలం లేకపోయినా తనే తోడింది. తర్వాత బిడ్డను రెండు చేతుల మీద ఒర పైకి పట్టింది.

బావి చాలాసేపు చూసింది.

మొదట ఖాళీ సీసా కదిలింది. నీళ్ళు ఒక మెట్టు ఎక్కాయి. ఆగాయి. ఇంకో మెట్టు ఎక్కాయి. నీళ్ళలో కనిపించే బిడ్డ మొహం దగ్గరికి, ఇంకా దగ్గరికి వస్తూ పోయింది. సౌందర్య రవికె ముందు భాగం తడిసింది. ఆమె అది చూసుకుని, ఒర మీదే కూర్చుని, కొంగు కప్పుకుని బిడ్డను ఒళ్ళోకి తీసుకుంది. డ్రైవర్లు అటు తిరిగి టీ తాగారు.

ఆటో మాట్లాడుకుని ఇంటికి బయలుదేరారు. బిడ్డ ముందు పోతే బావి వెనక వస్తుందని యాదమ్మ నమ్మకం. అయితే బావులు ఎవరైనా చూస్తుంటే నడవవు. అందుకని ఆమె వెనక్కి తిరగకుండా రిమోటును మాత్రం భుజం మీద నుంచి వెనక్కి పట్టుకుంది. కీకీకీ అంటూ వస్తోంది. వనపర్తి దాటే దాకా వచ్చింది. అక్కడ కీ... అని సాగదీసి ఆగిపోయింది. ఎంత నొక్కినా లేదు. సెల్లు అయిపోయిందా, బావి ఆగిపోయిందా? తిరిగి చూద్దామంటే, వచ్చే బావి నిలబడిపోతుంది. చూడకుంటే గుండె నిలబడదు. ఆ పది కోసులూ యాదమ్మ మెడ నరాలు బిగబట్టుకుని, పళ్ళు కొరుకుతూ కూర్చుంది. ఇల్లు చేరాక చేనికి ఉరికింది. వట్టి మచ్చ. వట్టి పావురాలు.

"నేను చూడలే," అంది అందరికీ. "ఒట్టు, ఒక్కపారి కూడ తిరిగి చూడలే."

మల్లేశ్ ఆమె పాత పారను కూడా మూటలో పెట్టాడు.

ఆదివారం పొద్దున ఇస్రాయేలు వ్యాను గుమ్మం ముందు ఆగింది. ఇస్రాయేలు మంచివాడు, అతని నాన్న కూడా ఈ దారిలోనే కూలికి పోయి తిరిగి రాలేదు. "ఎక్కు వదినా," అన్నాడు నెమ్మదిగా. "మబ్బుల్నే, తెల్లారకముందే పోవాలె, ఇప్పటికే ఆలస్యమాయె." యాదమ్మ బిడ్డను ముద్దు పెట్టుకుని, ఇంటి తాళం చెవులు కూతురి చేతిలో పెట్టింది. "సాయంత్రం అల్లుడు వస్తడు. నువ్వు పిల్లకు పాలు ఇస్తూ ఉండు. ఊకె ఏడవకు." వ్యాను ఎక్కి మల్లేశ్ పక్కన కూర్చుంది. ఆమె కళ్ళు మూసుకునే ఉన్నాయి.

వ్యాను చేని బాట మలుపు తిరిగి గట్టిగా బ్రేకు వేసింది. ముందున్నవాళ్ళు అద్దానికి గుద్దుకున్నారు.

"ఇదేంది?" అన్నాడు ఇస్రాయేలు. హారన్ కొట్టాడు. ఆపి, కిటికీలోంచి తల పెట్టి చూశాడు. "మల్లేశన్నా, మీ బాయే."

బాట మధ్యలో, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా నిండుగా కూర్చుని ఉంది. ఒర మీద ఇంకా పసుపు ఉంది. వ్యాను కాదు, సైకిలు పోవడానికి కూడా జాగా వదల్లేదు. గుట్ట మీద నుంచి పావురాలు ఒక్కసారిగా దిగి, ఒక్కొక్కటే లోపలికి, తమ తమ గూళ్ళలోకి పోయాయి.

మల్లేశ్ దిగాడు. ఒర మీద రెండు చేతులు పెట్టి వంగాడు. నీళ్ళు ఎంత పైకి ఉన్నాయంటే, వంగినవాడి గడ్డం తడిసింది. అతని భుజాలు కదులుతుంటే యాదమ్మ దిగి పోయి పక్కన నిలబడింది.

"దిగినవా?" అన్నాడు తల ఎత్తకుండా.

"దిగిన."

"ఇంక ఎక్కకు."

ఇస్రాయేలు వ్యానును వెనక్కి తిప్పి, చెరువు కట్ట మీదుగా చుట్టు తిరిగి పోయాడు. వాళ్ళిద్దరూ లేకుండానే పోయాడు. మల్లేశ్ కుడికాలి చెప్పు మాత్రం సీటు కింద ఉండిపోయి బెంగుళూరు చేరింది. ఇప్పటికీ అక్కడే ఉంది. పసుపు మీట ఎంత నొక్కినా పలకదు.

పంట మొత్తం దక్కిందని చెప్పను. సగం పోయింది, కొంచెం ఎక్కువే పోయింది. దక్కిన సగం మాత్రం ఒక్కొక్క కాయ గుమ్మడికాయంత. సౌందర్య ఐదో నెల దాకా తల్లి దగ్గరే ఉంది. బావి ఆ బాట మధ్యలోంచి మళ్ళీ లేవలేదు. పంచాయతీ వాళ్ళే బాటను దాని చుట్టూ వంపు తిప్పి వేశారు. పోయేటప్పుడు చూడు, ఆ వంపు నేను చెప్పినట్టే లేకపోతే నన్నడుగు.

సరే, లే. విన్నది చాలు, పని ఒకటుంది. సౌందర్యకు రెండో కాన్పు, ఈసారి గద్వాల దవాఖానలో రాశారు. రేపో మాపో అంటున్నారు. నిన్నటి నుంచి బావిలో నీళ్ళు ఒక మెట్టు పైకీ, ఒక మెట్టు కిందికీ తిరుగుతున్నాయి. పావురాలు గూళ్ళలో కూర్చోవడం లేదు. బిళ్ళలో సెల్లు చూస్తే ఉగాది నాడు వేసింది. నువ్వు ఎట్లాగూ కొత్తకోటకే కదా పోతున్నావు, జగదీశ్ దుకాణంలో ఆ గుండ్రటి సెల్లు రెండు తీసుకుని రా. ఒకటి బిళ్ళకు, ఒకటి రిమోటుకు. ఎర్ర చుక్కలు అంటించే కాగితం కూడా అడుగు.

యాదమ్మ బాట మీదుగానే పో. బావి ఉంటే నిమ్మళంగా పో. లేకుంటే ఉరుకు.